గోడకు ఇవతల శ్రీశైలం



శ్రీశైలం వెళ్లొచ్చినవాళ్లను పలకరించి చూడండి. దర్శనానికి ఎన్ని గంటలు పట్టిందో చెబుతారు. సత్రంలో గది దొరికిందో లేదో చెబుతారు. డ్యాం గేట్లు ఎత్తి ఉంటే ఆ ముచ్చట చెబుతారు. లోపల మల్లన్న ముందు నిలబడింది అరనిమిషం. ఆ అరనిమిషం ఎవరిది వారిదే, దాని జోలికి నేను పోను. నేను చెప్పబోయేది గుడి గోడకు ఇవతల ఉన్న శ్రీశైలం సంగతి. కొండ, అడవి, బాట, బాట మీద పాట, గోడ మీద బొమ్మ, ఆ పక్కన నిలిచిన నీళ్లు. నన్నడిగితే క్షేత్రంలో సగానికి పైగా అదే. బస్సు దిగి క్యూలో దూరి, ప్రసాదం పొట్లం పట్టుకుని మళ్లీ బస్సెక్కేవాళ్లకు అందకుండా పోతున్నదీ అదే.

శ్రీశైలం 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. జనం నోట మాత్రం ఇంకా కర్నూలే. కడపవాళ్లకూ ఇందులో వాటా ఉంది. ఈ కొండకు పాతకాలం వాళ్లు చెప్పుకున్న నాలుగు ద్వారాలలో దక్షిణ ద్వారం పెన్న ఒడ్డున ఉన్న సిద్ధవటం. తూర్పున త్రిపురాంతకం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మ్యాపు తీసి ఈ నాలుగు చోట్లా వేలు పెట్టి చూడండి. ఇంత దూరంలో ద్వారాలేమిటి అనిపిస్తుంది. నడిచి వచ్చేవాడికి యాత్ర మొదలయ్యేది గుడి దగ్గర కాదు, అడవి అంచున. అక్కడ స్నానం చేసి, దండం పెట్టుకుని, ఇక లోపలికి అడుగు పెట్టినట్టే లెక్క.

ఆ లోపల ఉన్నది నల్లమల. ఇక్కడి గట్టి రాతి పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనే పేరు ఖాయం చేశారు. ఎప్పుడో సముద్రపు ఇసుక పేరుకుని, నొక్కుడుపడి, బిగిసి రాయి అయింది. మనిషి పుట్టుకకు ముందు కోట్ల ఏళ్ల నాటి మాట అది. ఆ రాతిని కృష్ణ నిలువునా కోసుకుంటూ పోయింది. అందుకే కొండ మీద ఊరు, ఎక్కడో అడుగున ఏరు. ఆ ఏటికి పాతాళగంగ అని పేరు పెట్టినవాళ్లు ఆ మెట్లు దిగి ఎక్కినవాళ్లే అయివుంటారు.

అడవి చూస్తే ఎండాకాలం ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, మోదుగ, వెదురు, సారపప్పు చెట్లు. యాత్రికులు ఎక్కువగా వచ్చేది శివరాత్రికి, ఉగాదికి. సరిగ్గా అప్పుడే ఆకులు రాలిపోయి కొండల ఎముకలు బయటపడి ఉంటాయి. వానాకాలం తర్వాత వచ్చినవాళ్లు ఇదే కొండను గుర్తుపట్టలేరు. ఈ అడవి 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం అంటే విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దదని లెక్క. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్లింది. పులికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దోర్నాల ఘాట్ రోడ్డు రాత్రిపూట మూసేస్తారు. చెక్‌పోస్టు దగ్గర తెల్లారేదాకా ఆగాల్సి వచ్చినవాళ్లు విసుక్కుంటారు కానీ, ఆ కొద్ది గంటలే అడవికి మిగిలిన సొంత సమయం.

రోడ్డు రాకముందు దారి వేరు. ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, అక్కణ్ణుంచి నాగులూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం. ఈ వరుస మా వైపు ముసలివాళ్లు ఎక్కం చెప్పినట్టు చెబుతారు. నాగులూటిలో వీరభద్రుడి గుడి, కోనేరు ఉన్నాయి. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ అవతలి గట్టు ఎక్కాలి. ఊపిరి అక్కడే తేలిపోతుంది. కొండవాలున రాతిమెట్లు కనిపిస్తాయి. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. కోటలు కట్టిన రాజులు మనకు చాలామంది ఉన్నారు. నడిచేవాడి మోకాళ్ల గురించి ఆలోచించిన రాజు కాబట్టి ఈయన మీద నాకు కాస్త పక్షపాతం.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి ఈ కొండకూ వచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్లకు అప్పటి దారి కళ్లకు కడుతుంది. యాత్రికుల దగ్గర కందనూరు నవాబు తరఫున వసూలయ్యే సుంకాలు, అడవిలో తోడు వచ్చే చెంచులు, గుడికి పట్టిన గతి, అన్నీ రాసుకున్నారు. కందనూరంటే కర్నూలే.

ఇక పాట. ఇంత దూరం నడిచేవాళ్లు నోరు మూసుకుని నడవరు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణం మొత్తాన్ని ఈ పర్వతానికే కేటాయించాడు. అందులో కొండకు వచ్చే భక్తులు పాడుకునే పాటల జాబితా ఒకటి ఉంది. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. తెలుగు జానపద గేయాల చరిత్ర రాసే ప్రతి పండితుడూ ముందు ఇక్కడికే వచ్చి ఆగుతాడు. ఏడు వందల ఏళ్ల కిందట జనం ఏం పాడారో చెప్పే సాక్ష్యం మనకు వేరే ఎక్కువ లేదు మరి. గొబ్బి పాటలు సంక్రాంతికి ఇంకా వినబడతాయి. తుమ్మెదా అని ముగిసే పాటలు పల్లెల్లో ఉన్నాయి. పర్వత పదం బాణీ ఇదీ అని మాత్రం వేలుపెట్టి చూపించలేం. పేరు గ్రంథానికి ఎక్కింది, గొంతు గాలికి పోయింది.

ఐతే బాట మీద పాట పూర్తిగా పోలేదు. అది వినాలంటే ఉగాదికి ముందు రోజుల్లో ఎమ్మిగనూరు, కర్నూలు, ఆత్మకూరు రోడ్ల మీద నిలబడాలి. పాట వినిపించేది కన్నడంలో. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట, బిజాపుర వైపు నుంచి వేల మంది కాలినడకన వస్తారు. వాళ్లకు అమ్మవారు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు. పుట్టింటివాళ్లు పండక్కి వచ్చినట్టు చీర, గాజులు, పసుపు కుంకుమ మూటగట్టుకుని వస్తారు. కాళ్లకు గుడ్డలు చుట్టుకుని నడిచేవాళ్లు, భుజాన కావడి మోసేవాళ్లు, ఇంకా కొందరు రెండు కర్రలు కాళ్లకు కట్టుకుని, మనిషెత్తున తారు రోడ్డు మీద టక్కు టక్కుమంటూ వచ్చేవాళ్లు. వాళ్లను దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. కర్రకాళ్ల మీద ఉన్నవాడు ఆగలేడు. ఆగితే తూలుతాడు. అందుకే గుంపు మజ్జిగ తాగడానికి నిలిచినా అతను నిలిచినచోటే అడుగులు వేస్తూ ఉంటాడు. పక్కవాడు గ్లాసు పైకెత్తి అందిస్తాడు. ఆ అడుగుల చప్పుడుకు భజన తాళం తప్పకుండా సాగుతుంది. ఒకడు ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు.

వాళ్ల కోసం మా ఊళ్లవాళ్లు దారి పొడుగునా పందిళ్లు వేస్తారు. అన్నం, మజ్జిగ, కాళ్లకు నూనె, వేడినీళ్లు. పెట్టేవాడికి కన్నడం రాదు, తినేవాడికి తెలుగు రాదు. మల్లయ్యా అన్న పిలుపు ఇద్దరికీ సరిపోతుంది. పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి ఇదే కన్నడ సీమ నుంచి ఒంటరిగా చెన్నమల్లికార్జునుణ్ణి వెతుక్కుంటూ ఈ కొండకు వచ్చింది. కృష్ణ మీద పడవలో ఎగువకు వెళ్తే ఆమె పేరుతో గుహలు ఉన్నాయి. ఉగాదికి వచ్చే గుంపులు ఆమె నడిచిన దారిని మానలేదు, అంతే.

ఉగాది ముందు రాత్రి వీరాచార విన్యాసాలు చేస్తారు. నాలుకకు, దవడలకు శూలాలు గుచ్చుకుంటారు, నిప్పుల గుండం తొక్కుతారు. చూడలేనివాళ్లు తల తిప్పుకోవచ్చు. కానీ ఇది మొన్న మొదలైన ఆచారం కాదు. అక్కడే వీరశిరోమండపం ఉంది. 1378 ప్రాంతంలో అనవేమారెడ్డి కట్టించాడు. దేవుడి ఎదుట వీరులు తలలు, నాలుకలు కోసి ఇచ్చుకునే చోటని శాసనమే చెబుతుంది. తలనుంచి నిప్పుల గుండం దాకా ఆచారం దిగివచ్చిందంటే ఎంతో నయమే అనుకోవాలి.

కన్నడ దేశం దాకా ఎందుకు, మన కర్నూలు పల్లెల్లోనే గొరవయ్యలు ఉన్నారు. కురువ కులంలో మల్లయ్యకు దీక్ష తీసుకున్నవాళ్లు. నల్ల కంబళి, మెడలో గవ్వలు, ఒక చేత డమరుకం, మరో చేత పిల్లనగ్రోవి, తల మీద ఎలుగుబంటి వెంట్రుకల టోపీ. గొరవయ్య గిర్రున తిరిగినప్పుడు ఆ టోపీ బొచ్చు మొహం మీద పడి, మనిషీ ఎలుగూ ఒకటే అయినట్టు ఉంటాడు. పిల్లలు అమ్మ చెంగు వెనక్కి దూరేది అప్పుడే.

ఇక్కడ ఒక దూరదేశం మాట చెప్పాలి. తూర్పు ఐరోపాలో రుమేనియా అని ఉంది. దాని నడుమ వంపు తిరిగి కార్పాతియన్ కొండలు ఉన్నాయి. నల్లమలకు ఎలుగుబంట్లు ఎలాగో ఆ కొండలకూ అలాగే. అక్కడ మోల్దావియా ప్రాంతపు పల్లెల్లో డిసెంబరు చివర, పాత సంవత్సరం వెళ్లిపోయే రోజుల్లో, మగవాళ్లు నిండు ఎలుగుబంటి తోళ్లు కప్పుకుని డప్పుల మోతకు వీధుల్లో ఆడతారు. పాత ఏడాది పీడ పోవాలని. గొరవయ్యకూ వాళ్లకూ చుట్టరికం లేదు. అడవి అంచున బతికేవాడు ఎలుగుకు భయపడతాడు, ఆ భయాన్నే కొన్నాళ్లకు నెత్తిన పెట్టుకుని ఆడతాడు. అది రెండు చోట్లా జరిగింది.

నాకు ఆ దేశం మీద అసూయ మరో విషయంలో. బేలా బార్తోక్ అని గొప్ప సంగీతకారుడు. హంగేరియన్. పుట్టిన ఊరు ఇప్పుడు రుమేనియాలో ఉంది. నూరేళ్ల కిందట ఆయన మైనపు సిలిండర్ల మీద శబ్దం పట్టే యంత్రం మోసుకుని అక్కడి పల్లెలు తిరిగాడు. గొర్రెల కాపరుల దగ్గర, చావింట ఏడ్చే ఆడవాళ్ల దగ్గర వేల పాటలు పట్టాడు. 1915లో ఆయన రాసిన రుమేనియా జానపద నృత్యాలు ఈనాటికీ ప్రపంచమంతా వాయిస్తారు. తర్వాత 1928లో బ్రైలోయు అనే ఆయన బుకారెస్టులో జానపద సంగీత భాండాగారమే పెట్టాడు. దోయినా అని వాళ్లకొక పాట ఉంది. ఒంటరిగా, తాళం కట్టు లేకుండా, బెంగగా సాగదీసి పాడుకునేది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. మనకు బిరుదురాజు రామరాజు గారిలాంటి వాళ్లు గేయాలు సేకరించారు, గ్రంథాలు రాశారు. ఆ రుణం తీరేది కాదు. ఐతే మన సేకరణ ఎక్కువగా కాగితం మీద జరిగింది. మాట దొరికింది, గొంతు దొరకలేదు. ఆకాశవాణి పెట్టెల్లో ఉన్న టేపులే ఆ లోటు కొంత తీర్చాయి.

నల్లమల ఉత్తరపు అంచున, నాగర్‌కర్నూలు జిల్లాలో, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారు ఉన్నారు. వెదురుబొంగు, దానికి ఎండిన సొరకాయ బుర్రలు, బొంగు మీద మైనంతో అతికించిన మెట్లు. అడవీ పెరడూ కలిసి చేసిన వాయిద్యం. పండుగ సాయన్న కథ దాని మీదే పాడతారు. 2022లో పద్మశ్రీ వచ్చేసరికి అందరికీ తెలిశారు. ఒక సినిమాలో ఆయన గొంతు వినబడిన తర్వాత, అని కూడా ఒప్పుకోవాలి.

చెంచుల సంగతి లేకుండా ఈ అడవి కథ చెప్పకూడదు. వాళ్లకు మల్లన్న దేవుడి కంటే ముందు అల్లుడు. వేటకు వచ్చి చెంచుపిల్లను మనువాడాడు, అందుకే చెంచు మల్లయ్య. అల్లుడి మీద మామగారింటికి ఉండే చనువు వాళ్లకు ఆయన మీద ఉంది. తేనె తీసేవాళ్లు, గడ్డలు తవ్వేవాళ్లు, పెంటలని పిలుచుకునే చిన్నచిన్న గూడేల్లో ఉంటారు. 1943లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు వాళ్ల మీద పుస్తకం రాశాడు. పులుల అడవిలో మనుషులు ఉండాలా వద్దా అని ఇప్పుడు చర్చ. పులి, చెంచు ఇద్దరూ ఇన్నేళ్లు ఒకే నీటిగుంట దగ్గర తాగారు. ఆ చర్చలో చెంచును ఆఖర్న పిలుస్తారేం అన్నది నా ప్రశ్న.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. ప్రాకారం బయటి వైపు. చెప్పులు విడిచే హడావిడిలో, కొబ్బరికాయల దుకాణాల సందడిలో దాని మొహం చూసేవాడు తక్కువ. రాయి మీద రాయి పేర్చిన ఎత్తయిన గోడ, దాని నిండా వరుసలు వరుసలుగా బొమ్మలు. విజయనగర కాలం నాటి పని. ఏనుగుల బారులు, గుర్రాలు, పులితో కలబడే వేటగాళ్లు, ఆడేవాళ్లు, వాయించేవాళ్లు. కొంచెం ఆగి చూస్తే కథలు విచ్చుకుంటాయి. కిరాతుడై వచ్చిన శివుడు అర్జునుడితో కొట్లాడుతున్నాడు. దక్షుడి యజ్ఞం భగ్నమవుతోంది. మరోచోట చేప మీద కూర్చున్న యోగి ఒకాయన. మత్స్యేంద్రనాథుడు. పక్కన ఇంకా సిద్ధులు, ఒళ్లు ముడివేసినట్టు కష్టమైన ఆసనాల్లో ఉన్నవాళ్లు. యోగాసనాల చరిత్ర వెతికే విదేశీ పండితులు ఈ గోడను చాలా గౌరవంగా చూస్తారు. కూర్చునే ధ్యానం కాక, ఇంత రకరకాల ఆసనాలు రాతిలో కనబడే పాత చోట్లు ఎక్కువ లేవు. మనం యోగా దినాన మైదానంలో చాపలు పరుస్తాం. ఐదు వందల ఏళ్ల నాటి యోగులు గోడ మీదే ఉన్నారు, వాళ్లకు ఒక దండమైనా పెట్టం.

బొమ్మలు లోపల చెక్కకుండా బయట ఎందుకు చెక్కారు? గుడిలోకి ఎవరు పోగలిగేవాళ్లో, ఎవరు పోలేకపోయేవాళ్లో ఆ రోజుల లెక్క మనకు తెలుసు. బయట చెక్కితే అందరిదీ. రుమేనియాలో బుకోవినా అనే ప్రాంతంలో ఇదే పని రంగులతో చేశారు. వొరొనెత్స్ మఠం 1488లో స్తెఫాన్ అనే రాజు కట్టించాడు. 1547లో దాని బయటి గోడలన్నీ బొమ్మలతో నింపారు. పడమటి గోడ మీద కడపటి తీర్పు, పాపులు ఒకవైపు, పుణ్యాత్ములు ఒకవైపు. ఆ గోడల నీలిరంగుకు ఆ మఠం పేరే స్థిరపడింది. అక్షరం రాని రైతు గుడి చుట్టూ తిరిగి కథ చదువుకోవాలని చేశారంటారు. ఇంచుమించు అదే శతాబ్దంలో కృష్ణదేవరాయలు కొండవీడు గెలిచాక ఇక్కడికి వచ్చి రథవీధిలో మండపాలు కట్టించాడు. తూర్పు గోపురానికి ఆయన పేరే చెబుతారు. ఉత్తరపు గోపురం శివాజీది. ఆయన 1677లో దక్షిణాదికి వచ్చినప్పుడు ఈ కొండ ఎక్కాడు. అంతకంటే చాలా ముందు, రెండో శతాబ్దపు నాసిక్ శాసనంలోనే శాతవాహన పులుమావి ఏలుబడిలో ఈ కొండ పేరు ఉంది. రాజులు మారినా దారి మారలేదు.

దారి మారింది నీళ్లు నిలిచాక. 1963లో నెహ్రూ గారు డ్యాంకు శంకుస్థాపన చేశారు. 512 మీటర్ల పొడవు, 12 గేట్లు, 885 అడుగుల నిండు మట్టం. ఈ 885 అంకె సీమలో చదువురాని రైతుకు కూడా తెలుసు. తుంగభద్ర ఒట్టిపోయిన ఏడాది ఆశంతా ఆ అంకె మీదే ఉంటుంది. కరెంటు కోసం మొదలైన ప్రాజెక్టు తర్వాత తాగునీరు, సాగునీరు కూడా ఇచ్చింది. దాన్ని కాదనను. కానీ ఎగువన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు నీటి కిందికి పోయాయి. 1981లో ఇళ్లు కూల్చి ఖాళీ చేయించిన రోజులు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. పరిహారం మాట ఎత్తితే వాళ్ల గొంతు ఇప్పటికీ మారుతుంది.

అవే సంవత్సరాల్లో డాన్యూబ్ నది మీద, రుమేనియా యుగోస్లావియా సరిహద్దున, ఇనుప ద్వారాలని పిలిచే ఇరుకు లోయలో డ్యాం కట్టారు. 1964లో మొదలై 1972కు పూర్తయింది. పాత ఓర్షోవ పట్టణం మునిగింది. అదా కలే అని నది మధ్య తురకల లంక ఒకటి ఉండేది, మిఠాయికి, గులాబీ తైలానికి పేరుబడ్డది. మసీదుతో సహా అది కూడా నీళ్లపాలైంది. ఆ మసీదు తివాచీని మాత్రం సముద్రపు ఒడ్డున కాన్‌స్టాంట్సా మసీదుకు చేర్చారు.

మనవాళ్లు తివాచీతో ఆగలేదు, గుళ్లనే మోశారు. పురావస్తు శాఖవాళ్లు రాళ్లకు నంబర్లు వేసి, విప్పి, వేరేచోట పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురానికి వెళ్లాడు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీదికి వచ్చింది. కర్నూలువాళ్లు చాలామంది ఆ గట్టుకు షికారుకు వెళ్తారు. ఆ గుడి ఒకప్పుడు నది ఒడ్డున ఉండేదని, ఆ రాళ్లు లారీల్లో వచ్చాయని తెలిసినవాళ్లు అంతమంది ఉండరు.

సప్తనదులు కలిసే సంగమేశ్వరంలో అసలు గుడి మాత్రం కదలలేదు. అందులో వేప కొయ్య లింగం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి అడుగున ఉండి, శ్రీశైలం మట్టం 840 అడుగుల దరిదాపులకు దిగితే బయటపడుతుంది. ఒక్కో ఏడు శివరాత్రికే తేలుతుంది, ఒక్కో ఏడు వేసవి ముదిరేదాకా తేలదు, వానలు మంచివై పై నుంచి నీళ్లు వదులుతూ ఉంటే అసలు కనిపించకపోవచ్చు. కాబట్టి వెళ్లాలనుకునేవాళ్లు పంచాంగం కాక, పేపర్లో రోజూ వేసే జలాశయ నీటిమట్టం చూసుకుని బయల్దేరండి. ఆత్మకూరు వైపు నుంచి దారి ఉంది. గుడి తేలిన కొత్తలో మోకాలి లోతు బురద ఉంటుంది. వారం పది రోజులు ఎండనిచ్చి వెళ్లడం మేలు.